ఓహాయో మేరీ పుట్టింటివాళ్ళని ఎలా పట్టుకోవాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ ఆయన అమెరికన్, మీ అత్తగారికి 82 ఏళ్ళు, ఆవిడ అమ్మమ్మకి తల్లి ఈ మేరీ. 1880 సెన్సస్‌లో మిస్సోరీలో ఒక రైతు భార్యగా దొరికింది, వయసు 35, పుట్టింది ఓహాయో, ఐదుగురు పిల్లలు. ఆ తర్వాత మనిషి జాడ లేదు, అంతకు ముందు ఎవరి కూతురో తెలియదు. వెబ్‌సైట్‌లో మేరీ అని కొడితే వేలల్లో వస్తున్నాయి, అత్తగారు ఉండగానే ఆ పుట్టింటి పేరు ఆవిడకి చెప్పాలని మీ ఆత్రం. ఇంతే కదా.

నేను దీన్ని వృత్తిగా చేసేవాణ్ణి కాదమ్మా. ఓహాయోలో ఉంటాను, మా కోడలు ఇక్కడి పిల్ల, మనవడు స్కూల్లో ఫ్యామిలీ ట్రీ గీసుకురమ్మంటే మొదలుపెట్టి పద్నాలుగేళ్ళుగా ఇందులోనే పడి ఉన్నాను. మా వైపు ఇంటిపేరూ గోత్రమూ నోటికి వస్తాయి కాబట్టి పావుగంటలో అయిపోయింది, కోడలి వైపు సారా అనే ఒక్క మనిషి దగ్గర నాలుగేళ్ళు ఆగిపోయాను. కాబట్టి మీరు ఎక్కడ ఇరుక్కున్నారో నాకు బాగా తెలుసు.

ముందు ఒక్క మాట. మేరీని మేరీ పేరుతో వెతకడం మానేయండి. ఆ కాలపు పల్లెటూరి పెళ్ళైన ఆడమనిషికి సొంతంగా కాగితాలు దాదాపు ఉండవు. పెళ్ళితో ఆమె ఆస్తి, అప్పు, సంపాదన అన్నీ చట్టం దృష్టిలో భర్తలో కలిసిపోయేవి. ఈ పద్ధతిని సడలిస్తూ చట్టాలు 1839లో మిసిసిపీతో మొదలై, 1848లో న్యూయార్క్, ఇలా ఒక్కో రాష్ట్రంలో ఒక్కోసారి వచ్చాయి. ఓటు లేదు, జ్యూరీలో లేదు, పన్ను చిట్టాలో భర్త పేరే. విదేశం నుంచి వచ్చిన ఆవిడైనా 1855 చట్టం ప్రకారం భర్త పౌరుడైతే ఆమె కూడా పౌరురాలే, విడిగా దరఖాస్తు అక్కర్లేదు, అంటే ఆ కాగితమూ ఉండదు. ఆమె పేరు చట్టానికి అవసరమైన సందర్భాలు కొన్నే. పెళ్ళి లైసెన్సు రోజు, భర్త పొలం అమ్మిన రోజు, తండ్రి పోయి వాటాలు తేలిన రోజు, భర్త పోయిన రోజు. మిగతాదంతా ఆమె చుట్టూ ఉన్న మగవాళ్ళ కాగితాల్లోంచీ, పిల్లల కాగితాల్లోంచీ ఏరుకోవాల్సిందే.

మీకు అన్నిటికంటే దగ్గరి దారి పిల్లలు. మీ అదృష్టం, వాళ్ళు మిస్సోరీలో పెరిగారు. మిస్సోరీలో రాష్ట్రం మొత్తానికీ డెత్ సర్టిఫికెట్లు 1910లో మొదలయ్యాయి. యాభై ఏళ్ళు దాటిన వాటిని రాష్ట్ర ఆర్కైవ్స్ వాళ్ళు ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టారు, ఇండెక్స్ కాదు, అసలు కాగితం ఫోటోనే కనబడుతుంది. అందులో తండ్రి పేరు గడి కింద తల్లి పుట్టింటి పేరుకి ఒక గడి ఉంటుంది. ఐదుగురు పిల్లల్లో మిస్సోరీలో పోయినవాళ్ళు ఎంతమందో అన్ని కాగితాలూ తియ్యండి, మీ అత్తగారి అమ్మమ్మది ఒక్కటే తీసి ఆగిపోవద్దు. ఎందుకంటే ఆ సమాచారం చెప్పేది పోయినవాళ్ళు కాదు కదా, ఏడుస్తూ ఉన్న కొడుకో, అల్లుడో, ఒక్కోసారి పక్కింటాయనో. అమ్మమ్మ పుట్టింటి పేరు అల్లుణ్ణి అడిగితే ఏం చెప్తాడు? మా సారా విషయంలో నలుగురు పిల్లల కాగితాల్లో ఒకదాంట్లో "తెలియదు", ఇంకోదాంట్లో సారా అత్తగారి పుట్టింటి పేరు, మిగతా రెండిట్లో మాత్రం ఒకే పేరు రెండు స్పెల్లింగుల్లో వచ్చింది. ఆ రెండూ సారా పెద్ద కూతుళ్ళవి, సమాచారం ఇచ్చినవాళ్ళు వాళ్ళ సొంత ఆడపిల్లలు. సమాచారం ఇచ్చినవాళ్ళ పేరు రాసే గడి కూడా ఉంటుంది, దాన్ని చూడకుండా పైగడిని నమ్మొద్దు.

ఇక మీరు పెట్టిన 1880 పేజీ ఫోటో. దాన్ని మీరు చివరిదాకా చదవలేదు అనిపిస్తోంది. వరుసలో కుడివైపు చివర్లో మూడు గడులు ఉంటాయి, ఆ మనిషి పుట్టిన చోటు, తండ్రి పుట్టిన చోటు, తల్లి పుట్టిన చోటు. మేరీకి ఓహాయో, పెన్సిల్వేనియా, వర్జీనియా అని ఉంది. ఇది చిన్న విషయం కాదు. తలిదండ్రుల రాష్ట్రాలు 1880కి ముందు సెన్సస్‌లో రాసేవాళ్ళు కాదు, ఇంటి యజమానికి ఎవరు ఏమవుతారో రాయడం కూడా 1880లోనే మొదలైంది. పిల్లల వరుసలు చూడండి: పెద్దవాడు 13, ఓహాయో. రెండోది 11, ఓహాయో. మూడోవాడు 8, ఇల్లినాయిస్. ఆఖరి ఇద్దరూ మిస్సోరీ. అంటే పెళ్ళి 1866 అటూ ఇటూ, ఓహాయోలోనే అయ్యుండాలి, 1869, 72 మధ్యలో బండి కట్టారు, ఇల్లినాయిస్‌లో ఆగారు, తర్వాత మిస్సోరీ. 1870లో ఓహాయోలో ఉన్నారో ఇల్లినాయిస్‌లో ఉన్నారో భర్త పేరుతో, పెద్ద పిల్లల వయసులతో వెతికితే దొరకాలి. అది దొరికితే ఓహాయోలో ఏ కౌంటీయో (మన జిల్లా లాంటిది) తేలిపోవచ్చు, ఆ కౌంటీ తెలిస్తే సగం పని అయినట్టే.

1890లో ఎందుకు దొరకలేదు అని అడిగారు. మీకే కాదు, ఎవరికీ దొరకదు. ఆ సెన్సస్ కాగితాలు 1921 జనవరిలో వాషింగ్టన్‌లో వాణిజ్య శాఖ భవనంలో మంటలు లేచి కాలీ తడిసీ పాడయ్యాయి, మిగిలిన వాటిని కూడా తర్వాత పారేశారు, సుమారు 6,000 పేర్లు మాత్రం మిగిలాయి. 1880కీ 1900కీ మధ్య ఇరవై ఏళ్ళ గుంట అందరి వంశవృక్షాల్లోనూ ఉంటుంది. దాంట్లోనే పిల్లల పెళ్ళిళ్ళు అయిపోతాయి, ఆడపిల్లల ఇంటిపేర్లు మారిపోతాయి, వితంతువులు మళ్ళీ పెళ్ళి చేసుకుంటారు. మీ మేరీ మాయమైంది కూడా అక్కడే. పోయిందని అప్పుడే అనుకోకండి. 1900 సెన్సస్‌లో భర్త ఇంటిపేరుతో కాకుండా, పెళ్ళైన కూతుళ్ళ భర్తల పేర్లతో వెతకండి, వాళ్ళ ఇళ్ళలో చివరి వరుసలో "అత్తగారు" అని ఒక ముసలావిడ ఉంటే ఆవిడే కావచ్చు. పైగా 1900లో పుట్టిన నెల, సంవత్సరం రాశారు, ఎంతమంది పిల్లల్ని కన్నది, వాళ్ళలో ఎంతమంది బతికున్నారు అని ఆడవాళ్ళని అడిగారు. ఆ రెండు అంకెలు చూస్తే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. మా సారా వరుసలో 11, 5 అని ఉంది. ఆ ఆరుగురి పేర్లు నాకు ఇప్పటికి ఇద్దరివే దొరికాయి.

1850, 60, 70 సెన్సస్‌ల సంగతి చెప్తాను, ఇక్కడే జనం తప్పులో కాలేస్తారు, నేనూ వేశాను. ఇంట్లో అందరి పేర్లూ రాయడం 1850లో మొదలైంది, అంతకు ముందు ఇంటి పెద్ద పేరు, మిగతావాళ్ళంతా వయసుల గడుల్లో అంకెలు. మీ మేరీ 1845 ప్రాంతంలో పుట్టింది కాబట్టి 1850లో ఐదేళ్ళ పిల్లగా ఎక్కడో ఒక చోట పేరుతో ఉంటుంది. అప్పటి ఓహాయో జనాభా దాదాపు 20 లక్షలు, ఐదేళ్ళ మేరీలు ఎంతమందో ఊహించుకోండి. తండ్రి పెన్సిల్వేనియా, తల్లి వర్జీనియా అని ఉన్న ఇళ్ళు మాత్రమే తీసుకున్నా చాలా మిగులుతాయి, ఎందుకంటే ఓహాయో నిండింది చాలా మటుకు అటు నుంచి వచ్చినవాళ్ళతోనే. పైగా బంధుత్వం రాయలేదు కాబట్టి ఆ ఇంట్లో ఉన్న మేరీ కూతురే అని లేదు, మేనకోడలు కావచ్చు, పనిపిల్ల కావచ్చు, తల్లి రెండో పెళ్ళి చేసుకుంటే మారుతండ్రి ఇంటిపేరు తగిలించి రాసేసి ఉండొచ్చు. 1860లో పదిహేనేళ్ళ మేరీ తలిదండ్రుల ఇంట్లో లేకపోతే కంగారు పడొద్దు, ఆ వయసు ఆడపిల్లలు పక్క పొలాల ఇళ్ళలో పనికి ఉండటం మామూలే.

వయసుల్ని కూడా పట్టుకుని వేలాడకండి. పదేళ్ళకోసారి వచ్చే సెన్సస్‌లో ఆడవాళ్ళు ఏడేళ్ళే పెరగడం నేను చాలాసార్లు చూశాను. పేర్లు మరీ ఘోరం. మేరీని పాలీ అంటారు, మాలీ అంటారు, మార్తాని ప్యాట్సీ అంటారు, సారాని సాలీ అంటారు, మార్గరెట్‌ని పెగ్గీ అంటారు, ఎలిజబెత్‌కి అయితే లెక్కే లేదు. మనింట్లో సత్యవతిని అమ్మడూ అని పిలిచి చివరికి పెళ్ళి శుభలేఖలో తప్ప సత్యవతి ఎక్కడా కనబడనట్టే. ఇంటిపేరు గుమస్తా చెవికి ఎలా వినబడితే అలా. ఇక్కడి డాక్టర్ ఆఫీసులో మన ఇంటిపేరు పిలిచేటప్పుడు వాళ్ళు పడే అవస్థ గుర్తు తెచ్చుకుని, దాన్నే కాగితం మీద ఊహించుకోండి.

పెళ్ళి రికార్డు. ఓహాయోలో 1852 నుంచీ ఇది కౌంటీ ప్రొబేట్ కోర్టు (వీలునామాలు, ఆస్తి పంపకాలు చూసే కోర్టు) పని, పుస్తకాల స్కాన్లు చాలావరకు ఫ్యామిలీసెర్చ్ సైట్‌లో, అంటే మార్మన్లు అనే క్రైస్తవ శాఖవాళ్ళు నడిపే వంశవృక్షాల సైట్‌లో, ఉచితంగా ఉన్నాయి. పెళ్ళి మామూలుగా పెళ్ళికూతురి కౌంటీలో జరుగుతుంది, మగపిల్లాడి కౌంటీలో కాదు. ఈ చిన్న సంగతి పట్టించుకోక ఎంత గొడవ అయిందో చెప్తాను. అబ్రహాం లింకన్ తల్లి నాన్సీ హ్యాంక్స్, పుట్టుకతో పల్లెటూరి మనిషి. ఆవిడ పెళ్ళి రికార్డు కోసం కెంటకీలో లింకన్ తండ్రి కాపురం పెట్టిన హార్డిన్ కౌంటీలో వెతికారు, లేదు. లేకపోయేసరికి అసలు పెళ్ళే కాలేదని పుకార్లు. కాగితం ఉన్నది వాషింగ్టన్ కౌంటీలో, నాన్సీ పెళ్ళికి ముందు ఉన్న బెర్రీ కుటుంబం ఉండే చోట. 1806 జూన్ 10న పెళ్ళి బాండు (పెళ్ళికి అడ్డేమీ లేదని ఇచ్చే హామీ పత్రం), జూన్ 12న పెళ్ళి, బాండు మీద థామస్ లింకన్ పక్కన రిచర్డ్ బెర్రీ సంతకం. అది బయటపడేటప్పటికి లింకన్ చనిపోయి ఏళ్ళయింది. దేశాధ్యక్షుడి తల్లికే ఈ గతి పట్టింది. కాబట్టి మీరు భర్త కౌంటీలో దొరకలేదని వదిలేయకండి, చుట్టూ ఉన్న నాలుగైదు కౌంటీలూ చూడండి. కౌంటీల హద్దులు కూడా మారుతుండేవి, మన జిల్లాలు 2016లోనూ 2022లోనూ చీలినట్టే. ఏ సంవత్సరానికి ఏ పొలం ఏ కౌంటీలో ఉందో చూపించే మ్యాపులు షికాగోలోని న్యూబెర్రీ లైబ్రరీ వాళ్ళు తయారుచేశారు, ఉచితమే.

పెళ్ళి కాగితంలో మూడు చూడండి. పెళ్ళికూతురి ముందు మిస్ అని ఉందా, మిసెస్ అని ఉందా. మిసెస్ అయితే అది రెండో పెళ్ళి, మీరు పుట్టింటి పేరు అనుకుంటున్నది మొదటి మొగుడి పేరు. పద్దెనిమిది నిండని పిల్ల అయితే తండ్రో గార్డియనో ఒప్పుకున్నట్టు చీటీ ఉంటుంది. పెళ్ళి చేసిన పాస్టర్ ఎవరు, ఏ చర్చి. క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్ళు అయితే మీ పంట పండినట్టే, వాళ్ళ ఆడవాళ్ళకి విడిగా మీటింగులు, విడిగా మినిట్స్ పుస్తకాలు ఉండేవి, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్తే ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్ లాంటిది ఇచ్చేవాళ్ళు, బయటివాణ్ణి పెళ్ళాడితే దాని మీద విచారణ కూడా పెట్టి రాసేవాళ్ళు. మెథడిస్టులు (ఇంకో క్రైస్తవ శాఖ) అయితే పాస్టర్ గుర్రం మీద ఊళ్ళు తిరిగేవాడు, పుస్తకం ఆయనతోనే తిరిగేది, చాలావాటికి ఆచూకీ లేదు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన చోటికి వస్తాను. దస్తావేజులు.

భర్త పొలం అమ్మితే భార్యకి అందులో డవర్ హక్కు ఉంటుంది, అంటే భర్త పోతే ఆ భూమిలో మూడో వంతు మీద బతికున్నన్నాళ్ళు అనుభవం. కొనేవాడు ఆ హక్కు వదులుకున్నట్టు ఆమె చేత రాయించుకోకపోతే తర్వాత చిక్కు. అందుకని మేజిస్ట్రేటు భర్తను పక్కకు పంపి, ఆమెను విడిగా అడిగి, బలవంతం లేకుండా ఒప్పుకుంటున్నావా అని తేల్చుకుని అది దస్తావేజు కింద రాసేవాడు. కాబట్టి భర్త అమ్మిన దస్తావేజు ఉంటే భార్య పేరు దాదాపు ఉంటుంది. మీ మేరీ భర్త ఓహాయో వదిలేముందు సెంటు భూమి ఉన్నా అమ్మి ఉంటాడు, ఆ దస్తావేజు చూడండి, కొన్నవాడు ఎవరో చూడండి. వెళ్ళిపోయేవాడి పొలం బావమరిది కొనడం ఎంత మామూలో.

ఇంకా గట్టిది వారసుల దస్తావేజు. తండ్రి వీలునామా రాయకుండా పోతే పొలం పిల్లలందరికీ సమానంగా వస్తుంది, ఆడపిల్లలకి కూడా. దాన్ని ముక్కలు చేయలేక ఒకడు మిగతావాళ్ళ వాటాలు కొనేస్తాడు. అప్పుడు దస్తావేజులో పిల్లలందరి పేర్లు, ఆడపిల్లలైతే వాళ్ళ భర్తల పేర్లు, ఎవరు ఏ రాష్ట్రంలో ఏ కౌంటీలో ఉంటున్నారో అన్నీ ఒకే చోట రాయాల్సి వస్తుంది. మా సారా దొరికింది ఇలాగే. దక్షిణ ఓహాయోలో ఒక కౌంటీ కోర్టు, కింద అంతస్తులో ఇనప షెల్ఫుల్లో దస్తావేజుల పుస్తకాలు, ఒక్కోటి మన ఇంటి గ్యాస్ సిలిండర్ మూతంత కాదు, సిలిండరంత బరువు, పైకి తీయడానికి షెల్ఫుకే రోలర్లు బిగించి ఉంటాయి. నేను వెతికింది సారా పేరు కాదు, నాకు అప్పటికి డెత్ సర్టిఫికెట్ల నుంచి వచ్చిన పుట్టింటి పేరు ఉన్న మగవాళ్ళు అమ్మినవీ కొన్నవీ అన్నీ, 1865 నుంచి 1885 దాకా. మూడో రోజు మధ్యాహ్నం 1871లో ఒక పేజీ. 80 ఎకరాలు, అమ్మేవాళ్ళు ఏడుగురు, కొనేవాడు వాళ్ళ పెద్దన్న. ఐదో పేరు సాలీ, పక్కన మా సారా భర్త పేరు, "ఇండియానా వాస్తవ్యులు" అని. సారా అని వెతుకుతూ ఉంటే ఈ జన్మకి దొరికేది కాదు. చివర్లో సంతకాల దగ్గర పైన "హర్", కింద "మార్క్", మధ్యలో ఇంటూ గుర్తు, అంటే సంతకం రానివాళ్ళు పెట్టేది. దాని మీద వేలు పెట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయాను. పక్కన పుస్తకం తిప్పుతున్న ముసలాయన చూసి నవ్వి, అది ఆమె పెట్టిన గుర్తు కాదు, గుమస్తా నకలు రాసినప్పుడు దించింది, అసలు దస్తావేజు కొన్నవాడు ఇంటికి పట్టుకుపోయాడు అన్నాడు. నిజమే, కోర్టు పుస్తకాల్లో ఉండేవన్నీ నకళ్ళే. ఆ మాట తెలిశాక కూడా ఫోటో తీసుకున్నాను.

ఇప్పుడు మీరు అంత కష్టపడక్కర్లేదు, ఫ్యామిలీసెర్చ్‌లో 2024 నుంచి చేతిరాత దస్తావేజులను, వీలునామాలను కంప్యూటరే చదివి మాట మాటకీ వెతకనిస్తోంది. ఇండెక్సులో లేని సాక్షుల పేర్లు, పొరుగు పొలంవాళ్ళ పేర్లు కూడా వస్తాయి. మేరీ భర్త పూర్తి పేరు కొట్టి, ఓహాయో పెట్టి, 1860 నుంచి 1890 దాకా చూడండి. మామగారి ఎస్టేటు కాగితాల్లో అల్లుడి పేరు తగలడానికి మంచి అవకాశం ఉంది. కొన్ని పుస్తకాలు ఇంట్లోంచి తెరుచుకోవు, వాళ్ళ సెంటర్‌కి వెళ్ళి చూడాలి, దాదాపు ప్రతి పెద్ద ఊళ్ళోనూ మార్మన్ చర్చి పక్కన ఒకటి ఉంటుంది, ఎవరైనా వెళ్ళొచ్చు, మతం మార్చుకోమని ఎవరూ అడగరు, మా ఆవిడ మొదట్లో తెగ భయపడింది.

పొరుగువాళ్ళు, సాక్షులు, బాండు మీద సంతకం పెట్టినవాళ్ళు అందరి పేర్లూ ఒక కాగితం మీద రాసుకోండి. వీళ్ళు ఒంటరిగా వలస పోయేవాళ్ళు కాదు, గుంపుగా పోయేవాళ్ళు. 1880లో మిస్సోరీలో మేరీ ఇంటికి ముందు పది ఇళ్ళు, వెనక పది ఇళ్ళు చూడండి, ఓహాయోలో పుట్టి, తండ్రి పెన్సిల్వేనియా, తల్లి వర్జీనియా అని ఉన్న మగవాడు ఎవరైనా ఉంటే వాడు అన్నో తమ్ముడో అయ్యుండొచ్చు. భర్త పక్కనే భూమి ఉన్నవాడు షడ్డకుడు అని తేలడం నాకే రెండుసార్లు జరిగింది. అన్నదమ్ములిద్దరు అక్కచెల్లెళ్ళిద్దర్ని చేసుకోవడం, కుండమార్పిళ్ళు, ఇవన్నీ వాళ్ళకీ మామూలే. పిల్లల మధ్య పేర్లు (మిడిల్ నేమ్స్) కూడా చూడండి, ఒక కొడుక్కి మధ్యలో ఇంటిపేరులా ధ్వనించే పేరు ఉంటే అది చాలాసార్లు తల్లి పుట్టింటి పేరే.

యుద్ధం సంగతి మర్చిపోయాను. మేరీ భర్త వయసు 1880లో 38, అంటే 1842 ప్రాంతం పుట్టుక, అంతర్యుద్ధానికి సరిగ్గా సరిపోయే వయసు. ఓహాయో నుంచి మూడు లక్షలకు పైగా మగవాళ్ళు వెళ్ళారు. ఈయన వెళ్ళి ఉంటే పెన్షన్ ఫైలు చూడాల్సిందే, 1890 చట్టం తర్వాత యుద్ధంలో గాయపడకపోయినా, తొంభై రోజులు పనిచేసి ఉంటే చాలు, పేదరాలైన వితంతువుకి కూడా పెన్షన్ ఇచ్చారు. వితంతువు దరఖాస్తు పెట్టాలంటే పెళ్ళి రుజువు చేయాలి, పిల్లల పుట్టినరోజులు రుజువు చేయాలి, కాగితాలు లేవు కాబట్టి మంత్రసాని, పెళ్ళికి వచ్చిన అక్క, చిన్నప్పటి స్నేహితురాలు, వీళ్ళందరి చేతా ప్రమాణపత్రాలు. కొందరు ఇంట్లో బైబిల్లో పుట్టుకలు చావులు రాసుకున్న పేజీ చింపి పంపేశారు, ఆ పేజీలు ఇప్పటికీ వాషింగ్టన్‌లో నేషనల్ ఆర్కైవ్స్ ఫైళ్ళలో ఉన్నాయి. మళ్ళీ పెళ్ళి చేసుకుంటే పెన్షన్ ఆగిపోయేది, కాబట్టి ఆ సంగతీ ఫైల్లో ఉంటుంది. కాపీకి డబ్బు తీసుకుంటారు, నెలలు పట్టొచ్చు, అయినా ముందు ఇండెక్సు కార్డు చూసి ఉంటే తెప్పించండి. 1890 సెన్సస్ కాలిపోయినా మాజీ సైనికుల, వితంతువుల చిట్టా విడిగా ఉండేది, మిస్సోరీది మిగిలింది, అక్కడ మేరీ పేరు వితంతువుగా తగిలే అవకాశం కూడా ఉంది.

సమాధి రాయి ఉంటే రెండు మాటలు గమనించండి. "కాన్‌సార్ట్" అని ఉంటే ఆమె పోయేటప్పటికి భర్త బతికున్నాడు, "రెలిక్ట్" అని ఉంటే అప్పటికే వితంతువు. పుట్టిన తేదీ లేకుండా ఇన్ని ఏళ్ళు, ఇన్ని నెలలు, ఇన్ని రోజులు అని చెక్కి ఉంటే వెనక్కి లెక్క కట్టుకోవచ్చు. పాత పేపర్లు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళ సైట్‌లో ఉచితం, కాకపోతే మేరీ అని కాదు, మిసెస్ తర్వాత భర్త పేరు పెట్టి వెతకాలి.

డీఎన్ఏ. మీ ఆయన చేత చేయించానన్నారు, ఫరవాలేదు, కానీ అత్తగారి చేత చేయించండి, ఈ నెల్లోనే. మేరీ ఆవిడకి మూడు తరాల పైన, అంటే సగటున ఎనిమిదో వంతు ఆవిడలో ఉంది, మీ ఆయనలో అందులో సగమే. మేరీ అక్కచెల్లెళ్ళ, అన్నదమ్ముల మునిమనవలు ఆవిడకి థర్డ్ కజిన్స్ అవుతారు, ఆ దూరంలో పదిమందిలో ఒకరికి అసలు మ్యాచ్ రాకపోవచ్చు, తరం కిందకి దిగేకొద్దీ ఇంకా పోతుంది. మీకు ఇంకో అదృష్టం, మేరీ, ఆమె కూతురు, ఆమె కూతురు, మీ అత్తగారు, అంతా ఆడ వరస. మైటోకాండ్రియా డీఎన్ఏ తల్లి నుంచి పిల్లలకే వస్తుంది కాబట్టి మీ అత్తగారిలో ఉన్నది మేరీదే. మీ ఆయనకీ వచ్చింది, మీ పిల్లలకి మాత్రం మీది వస్తుంది. నాన్సీ హ్యాంక్స్ తల్లి ఎవరన్న వందేళ్ళ గొడవలో 2015లో ఇదే పద్ధతిలో హ్యాంక్స్ ఆడపిల్లల సంతతిని పోల్చి, లూసీ హ్యాంక్సే తల్లి అన్నవాళ్ళ వాదనకి బలం తెచ్చారు. అది పేరు చెప్పే పరీక్ష కాదు. ఇద్దరు మేరీల మధ్య తేల్చుకోలేని స్థితికి వచ్చాక, రెండో మేరీ ఆడ వరస సంతతి ఒకరు దొరికితేనే పనికొస్తుంది. ఇప్పుడే డబ్బు పెట్టకండి, మామూలు పరీక్ష చాలు.

ఒక హెచ్చరిక, ఇది నా చేతులు కాలిన సంగతి. వంశవృక్షాల సైట్ ఒకటి "మీ సారా తలిదండ్రులు వీళ్ళు కావచ్చు" అని ఆకు గుర్తుతో సూచన చూపించింది, నలభై మంది పెట్టిన వంశవృక్షాల్లో అదే ఉంది, నేనూ నొక్కేశాను. రెండేళ్ళు ఆ వంశాన్ని పైకి పెంచుకుంటూ పోయి, ఇంగ్లండ్ దాకా వెళ్ళి, ప్రింటు తీయించి ఫ్రేము కట్టించి క్రిస్మస్‌కి మా వియ్యపురాలికి ఇచ్చాను. ఆవిడ హాల్లో పెట్టుకుంది. తర్వాత ఒక రోజు 1870 సెన్సస్ చూస్తుంటే ఆ సారా తలిదండ్రుల ఇంట్లో పెళ్ళికాని పిల్లగా ఉంది, అదే సంవత్సరం మా సారా రెండు కౌంటీల అవతల ఇద్దరు పిల్లల తల్లి. నలభై మందీ ఒకరి నుంచి ఒకరు కాపీ కొట్టుకున్నవాళ్ళే. ఆ ఫ్రేము దించమని చెప్పడానికి నాకు మూడు నెలలు పట్టింది, ఆవిడ దించలేదు, వెనక చీటీ అంటించుకుంది. మీరు ఏ మేరీని ఒప్పుకునే ముందైనా ఆ మేరీ వేరే ఎక్కడైనా బతికుందా, చిన్నప్పుడే పోయిందా, వేరేవాణ్ణి పెళ్ళాడిందా అని ముందు కొట్టేయడానికి ప్రయత్నించండి.

మీ అత్తగారి వైపు తెల్లవాళ్ళని రాశారు కాబట్టి ఈ దారి చెప్పాను. నల్లవాళ్ళ కుటుంబం అయితే లెక్క వేరు, బానిసత్వంలో ఉన్నవాళ్ళ పేర్లు 1870 ముందు సెన్సస్‌లో రాయలేదు, 1850లోనూ 60లోనూ యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, రంగు లాంటివే, అక్కడ ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో (అంతర్యుద్ధం తర్వాత విడుదలైన బానిసల కోసం పెట్టిన ప్రభుత్వ శాఖ) కాగితాలు, యజమాని ఎస్టేటు జాబితాలు పట్టుకోవాలి, అది విడిగా రాయాల్సిన సంగతి.

సరదాకి ఒకటి చెప్తాను, దీనితో పుట్టింటి పేరు దొరకదు. 1880లోనే రైతుల కోసం విడిగా వ్యవసాయ చిట్టా ఉంది, భర్త పేరు మీద ఉంటుంది. అందులో ఎకరాలూ మొక్కజొన్నలూ కాకుండా ఆ ఏడాది ఆ ఇంట్లో ఎన్ని పౌండ్ల వెన్న తీశారు, కోళ్ళు ఎన్ని గుడ్లు పెట్టాయి అని ఉంటుంది. వెన్న చిలికింది, కోళ్ళు పెంచింది ఎవరో నేను చెప్పక్కర్లేదు. మా వియ్యపురాలికి ఆ కాగితం ఇచ్చినప్పుడు పెద్ద వంశవృక్షం కంటే దాన్నే ఎక్కువసేపు చూసుకుంది.

సరే, ఈ వారం మీరు చేయాల్సింది. పిల్లల డెత్ సర్టిఫికెట్లు, ఎన్ని దొరికితే అన్ని. అత్తగారికి ఫోన్ చేసి మూడు అడగండి: వాళ్ళింట్లో పాత బైబిల్ ఎవరి దగ్గర ఉంది, వాళ్ళ అమ్మమ్మ మాటల్లో ఓహాయోలో ఎవరినైనా మామయ్య, పిన్ని అని పేరు పెట్టి చెప్పేదా, అమ్మమ్మ అన్నదమ్ముల మధ్య పేర్లు ఏమిటి. రికార్డ్ చేసుకోండి, ఆవిడ పొంతన లేకుండా చెప్పినా ఆపకండి. సర్టిఫికెట్ల ఫోటోలు ఇక్కడ పెట్టండి, చేతిరాత అర్థం కాకపోతే నేను చూస్తాను, శనివారం ఖాళీగానే ఉంటాను.